అప్‌డేట్: షియావ్‌లాంగ్‌బావ్‌లో రసం నిలిచింది

పలుచని పిండి పొరలో మాంసం, వేడి మాంసపు రసం ఉండేలా షాంఘై పద్ధతిలో ఆవిరిపై ఉడికించే చైనా కుడుము షియావ్‌లాంగ్‌బావ్‌లోకి ఆ రసం ఎలా చేరుతుందని, పొర చిరగకుండా ఇంట్లో దానిని ఎలా చేయవచ్చని ఇదివరకు అడిగాను. రసాన్ని గడ్డకట్టించి కూరమని చెప్పినవారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ మార్గమే ఫలించింది.

పంది చర్మాన్ని అల్లం, ఉల్లికాడలతో కొన్ని గంటలపాటు సన్నని మంటపై మరిగిస్తే అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్, చల్లారితే గడ్డకట్టే జెలటిన్‌గా మారి నీటిలో కలుస్తుంది. వడకట్టిన ఆ రసం ఫ్రిజ్‌లో గట్టిపడిన తరువాత దానిని సన్నగా తరిగి పంది మాంసం కీమాలో కలిపితే, ఆవిరి వేడికి మళ్లీ కరిగి రసమవుతుంది. జెలటిన్ దాదాపు మన శరీరపు వేడికే కరిగిపోతుంది కనుక, కూరేటప్పుడు మిశ్రమం బాగా చల్లగా ఉండడమే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. రసం బరువు అడుగున పడుతుంది కాబట్టి, పొరను అంచుల్లో పలుచగా, మధ్యలో కొంచెం మందంగా ఒత్తమన్న సలహా ఎంతో మేలు చేసింది. పిండిని పులియబెట్టలేదు, పొంగిన పిండి రసాన్ని పీల్చుకుంటుంది.

ఈ వంటకానికి పేరు తెచ్చిన షాంఘై శివారు పట్టణం నాన్‌షియాంగ్‌లో తిన్నట్లే, అంచు కొరికి ముందుగా రసం జుర్రి, తరువాత సన్నని అల్లం ముక్కలు వేసిన నల్ల వెనిగర్‌తో తిన్నాము. పంది మాంసం తినని బంధువుల కోసం కోడి కాళ్లతో కాచిన రసం కూడా చక్కగా గడ్డకట్టింది.