అప్‌డేట్: మాటలు తగ్గించిన అమ్మాయి జవాబిచ్చింది

రోజూ మాట్లాడే అమ్మాయి ఉన్నట్టుండి ముక్తసరిగా జవాబులిస్తోంది, బ్లూ టిక్కులూ ఆగిపోయాయి, ఏం చెయ్యాలని అడిగినవాణ్ణి నేనే.

ముందు టిక్కుల సంగతి. వాట్సాప్‌లో ఒక్క టిక్కే ఉంటే బ్లాక్ చేసినట్టేనని తేల్చేయకండి, అవతలి ఫోన్‌లో నెట్ లేకపోయినా అంతే. రెండు బూడిదరంగు టిక్కులంటే మెసేజ్ చేరింది. చదివినా నీలం కాలేదంటే రీడ్ రిసీట్స్ (చదివినట్టు చూపే సెట్టింగ్) ఆపేసి ఉండొచ్చు. గ్రూపుల్లో అలా ఆపేసినా పనిచేయదు, ఎవరు చదివారో తెలిసిపోతుంది. అలాగని గ్రూపులో కాపు కాయకండి, అది నిఘా.

పనిచేసింది ఒకే మెసేజ్: “ఈమధ్య మన మాటలు తగ్గాయి. నావల్ల ఇబ్బందా, లేక కొంచెం టైం కావాలా? ఏదైనా పర్లేదు, వీలైనప్పుడు చెప్పు.” ‘ఎందుకిలా చేస్తున్నావ్’ అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది, చాలామంది అక్కడే నోరు మూసుకుంటారు. పంపాక స్నేహితురాలి ద్వారా ఆరా తీయడం, స్టేటస్‌లో విరహగీతాలు పెట్టడం రెండూ దాన్ని చెడగొడతాయి.

జవాబొచ్చింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట, ఏం చెప్పాలో తేలక తగ్గించిందట. ఆదివారం కాఫీకి కలుస్తున్నాం. వాళ్లింట్లో విషయం మాత్రం ఇంకా తేలలేదు.