చివర 'గా' ఉంటే క్రియావిశేషణం అనేయొచ్చా?

రాజాం కుర్రోడు: డీఎస్సీకి చదువుతున్నాను. చివర గా ఉంటే తెలుగులో క్రియావిశేషణం, లీ ఉంటే ఇంగ్లిష్‌లో అడ్వెర్బ్ అని నోట్సులో ఉంది. మోడల్ పేపర్లలో మాత్రం దీనికి లొంగనివే ఎక్కువ అడుగుతున్నారు, టెన్షన్‌గా ఉంది. మీరంతా ఎలా గుర్తుపడుతున్నారు?

టెక్కలి మాస్టారు: చివరి అక్షరం చూడకు తమ్ముడూ, క్రియని ప్రశ్న అడుగు. 'నాగావళి ఉధృతంగా పారుతోంది.' ఎలా పారుతోంది? ఉధృతంగా. అది క్రియావిశేషణం. 'ఉధృతమైన ప్రవాహం' అన్నప్పుడు ఎలాంటి ప్రవాహం అని అడుగుతాం, అది విశేషణం. ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు అని కూడా అడగాలి. విజయనగరం జాతరలో పైడితల్లమ్మ సిరిమాను గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, ఆ 'మూడుసార్లు' తిరగడం గురించే చెప్తోంది, చివర గా లేకపోయినా.

బొబ్బిలి వీణ: మాస్టారి మాట నిజమే గానీ 'ఎలా' కూడా ఒకచోట దెబ్బకొడుతుంది. 'ఆవిడ తియ్యగా పాడింది', 'కొబ్బరినీళ్లు తియ్యగా ఉన్నాయి', రెండిటికీ ఎలా అనే అడుగుతాం. మొదటిదాంట్లో తియ్యదనం పాడటంలో ఉంది, రెండోదాంట్లో నీళ్లలో ఉంది, 'ఉన్నాయి' ఊరికే కలుపుతోంది అంతే. మా ట్యూషన్ పిల్లలు ఆ గా చూసి ఇంగ్లిష్‌లో 'టేస్ట్ స్వీట్‌లీ' అని రాసేస్తారు, అక్కడ 'స్వీట్' అనే రాయాలి. లుక్, స్మెల్ కూడా అంతే. ఆ క్రియ తీసి 'ఈజ్' పెట్టి చూడండి, వాక్యం నిలబడితే తర్వాతది అడ్జెక్టివ్.

రాజాం కుర్రోడు: మరి 'మా బావ మాస్టారుగా చేస్తున్నాడు'?

టెక్కలి మాస్టారు: అది హోదా చెప్పే గా. ఎలా చేస్తున్నాడంటే 'బాగా' అంటాం గానీ 'మాస్టారుగా' అనం కదా. 'వాన పడుతుండగా'లో గా ఇంకా వేరు, క్రియకే చేరి సమయం చెప్తోంది.

ఆమదాలవలస అమ్మ: మా పాప ఆరో తరగతి అండీ. నిన్న వచ్చాడు, నిన్నటి పేపరు; ఇక్కడ కూర్చో, ఇక్కడి నీళ్లు, ఇలా జతలుగా చెప్తే వెంటనే పట్టేసింది. ఇంగ్లిష్‌లో ఫాస్ట్, హార్డ్ ఎలా చెప్పాలో తెలీట్లేదు, రెండు పనులకీ ఒకటే రూపం.

బొబ్బిలి వీణ: వాక్యంలో పెట్టి చూపించడమే అండీ. 'ఫాస్ట్ ట్రైన్' రైలు సంగతి, 'రన్ ఫాస్ట్' పరుగు సంగతి. 'హార్డ్‌లీ' అనే మాట ఉంది గానీ జాగ్రత్త, 'హి హార్డ్‌లీ వర్క్స్' అంటే దాదాపు పనే చెయ్యడని. ఫ్రెండ్‌లీ, లవ్‌లీ అడ్జెక్టివ్‌లే, ఎందుకంటే ఫ్రెండ్ లాంటి నామవాచకానికి లీ చేరితే మామూలుగా అడ్జెక్టివ్ వస్తుంది, క్విక్ లాంటి అడ్జెక్టివ్‌కి చేరితే అడ్వెర్బ్ వస్తుంది.

రాజాం కుర్రోడు: ఇది ఏ నోట్సులోనూ లేదక్కా! ఆఖరిది, 'చాలా' ఎందులోకి వస్తుంది?

టెక్కలి మాస్టారు: 'చాలా ఊళ్లు'లో విశేషణం, 'చాలా తిరిగాను'లో క్రియావిశేషణం. 'చాలా పెద్ద చెరువు'లో అది పెద్ద అన్న విశేషణాన్నే పెంచుతోంది. ఇంగ్లిష్‌లో దీన్ని కూడా అడ్వెర్బ్ కిందే లెక్కేస్తారు, 'వెరీ బిగ్'లో వెరీ అలాంటిదే. ఇంగ్లిష్ పేపర్లో అడిగితే అడ్వెర్బ్ అనే పెట్టు.