25–50 వేల రూపాయల ఓవర్‌ఇయర్ (చెవి మొత్తం కప్పే) హెడ్‌ఫోన్స్: సౌండు, సౌకర్యం ఎలా తేల్చుకోవాలి?

కళ్లజోడు:
రోజుకు నాలుగైదు గంటల వాడకం. సగం ఆఫీసు కాల్స్, సగం కర్ణాటక కచేరీలు, పాత సినిమా పాటలు. కళ్లజోడు తీయడం కుదరదు. షోరూముల్లో పది నిమిషాలకు మించి పెట్టుకోనివ్వరు. ఆ కాసేపట్లో ఏం చూడాలి? ఇంటికి తెచ్చాక రిటర్న్ గడువు లోపల ఏం చూడాలి? ఏ మోడల్ కొనాలో వద్దు, పరీక్షించే పద్ధతి చెప్పండి.

మంద్రస్థాయి:
మీ విషయంలో ముందు చూడాల్సింది పాట కాదండీ, ప్యాడ్, అంటే చెవి చుట్టూ ఆనే మెత్త. కంఫర్ట్ వేరు, సౌండు వేరు అనుకుంటారు చాలామంది. ప్యాడ్ చెవి చుట్టూ గాలి పోకుండా కూర్చుంటేనే క్లోజ్డ్ (కప్పు వెనుక మూసి ఉన్న) హెడ్‌ఫోన్‌లో 100 హెర్ట్జ్ కింద బేస్ (లోతైన ధ్వని) నిలుస్తుంది. కళ్లజోడు కాడ దగ్గర సన్నటి సందు పడితే చాలు, బేస్ అక్కణ్నుంచే జారిపోతుంది. "ఈ మోడల్‌లో బేస్ లేదు" అని రాసే రివ్యూల్లో కొన్నిటికి అసలు కారణం ఇదే.

తేల్చుకోవడం తేలిక. 50 హెర్ట్జ్ టోన్ (ఒకే లోతైన స్వరం) సన్నగా పెట్టి, రెండు అరచేతులతో కప్పుల్ని మెల్లగా నొక్కండి. బేస్ ఒక్కసారిగా పెరిగితే సీల్ (గాలి పోకుండా ప్యాడ్ మూసుకోవడం) సరిగ్గా పడలేదని అర్థం. తర్వాత కళ్లజోడు తీసి అదే టోన్ వినండి. తేడా పెద్దగా ఉంటే ఆ ప్యాడ్ మీ కాడలకు పొసగదు. బయటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ మోడళ్లలో చెవి పక్కన ఉన్న మైకు ఈ లీకును కొంత పసిగట్టి సర్దుతుంది కాబట్టి అవి ఈ పరీక్ష సులువుగా గట్టెక్కుతాయి. అందుకే ఆన్ చేసి ఒకసారి, పవర్ తీసి వైరుతో ఒకసారి చూడండి.

ప్యాడ్ రంధ్రం కొలతలు కూడా ముఖ్యం. మీ చెవి ఎత్తు, తల నుంచి అది ఎంత బయటికి ఉంటుందో స్కేలుతో ముందే చూసుకోండి. చెవి అంచు లోపలి గుడ్డకు తగులుతుంటే మొదట తెలియదు, అరగంటకు మృదులాస్థి దగ్గర సలుపు మొదలవుతుంది. ప్యాడ్ మెత్తబడ్డాక ఆ లోతు ఇంకా తగ్గుతుందే తప్ప పెరగదు.

బరువు సంగతి: సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్‌ఎం5 250 గ్రాములు, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 సుమారు 260, మొదటి ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385, హైఫైమ్యాన్ ఎడిషన్ ఎక్స్‌ఎస్ 405, ఆడిజీ ఎల్‌సీడీ-ఎక్స్ 600 పైనే. అయినా గ్రాములొక్కటే లెక్క కాదు. ఆ బరువు నడినెత్తిన ఒక్క గీతలో పడుతోందా, వెడల్పుగా పరుచుకుంటోందా చూడండి. పెట్టుకుని ల్యాప్‌టాప్ చూస్తున్నట్టు తల వంచండి, జారితే పట్టు చాలదు. తర్వాత ఏదో నమిలినట్టు దవడ ఆడించండి. దవడ కీలు సరిగ్గా చెవి ముందే ఉంటుంది, మాట్లాడినప్పుడల్లా ప్యాడ్ లేచి బేస్ ఊగిపోతే కాల్స్‌కు అది పనికిరాదు.

తీగలబాబు:
మంద్రస్థాయి గారు చెప్పినదంతా నిజం. సౌండు దగ్గర జనం మోసపోయే చోటు ఒకటుంది: వాల్యూమ్. 1 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) ఎక్కువున్నదే "క్లియర్‌గా, నిండుగా" ఉన్నట్టు అనిపిస్తుంది, అది గట్టిగా ఉందని మాత్రం తోచదు. ఫోన్‌లో ఒకే గీత దగ్గర ఉంచి రెండు హెడ్‌ఫోన్స్ పోల్చితే లాభం లేదు, ఒక్కోదాని సెన్సిటివిటీ (అంతే కరెంటుకు ఎంత గట్టిగా మోగుతుందన్నది) ఒక్కోలా ఉంటుంది. షోరూములో అయితే బేస్ ఉన్న పాట కాకుండా ఒంటరి గొంతు పెట్టి, రెండిట్లోనూ గొంతు ఒకే గట్టిగా వినపడేలా సర్దుకోండి. ఇంట్లో అయితే అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి దానికి ఫోన్ మైకు ఆనించండి, అట్ట మీద కప్పు బోర్లించి 500–1000 హెర్ట్జ్ నాయిస్ (జల్లుమనే శబ్దం) పెట్టి కొలవండి. డీబీ అంకె నిజం కాకపోయినా పర్లేదు, రెండిటికీ ఒకే అంకె వస్తే చాలు.

ఫోన్‌లో డాల్బీ, ఈక్వలైజర్, యాప్‌లో ఉండే "స్పేషియల్" మోడ్ అన్నీ ఆఫ్ చేయండి. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి తీసుకెళ్లండి, షోరూము వైఫై మీద యాప్ క్వాలిటీ తగ్గించేస్తుంది. 20–30 సెకన్ల ముక్కల్ని మార్చి మార్చి వినండి. పూర్తి పాట వింటూ కూర్చుంటే మొదటిదాని జ్ఞాపకం చెదిరిపోతుంది.

ఏ పాటలంటారా? ఘంటసాల గారి కాలపు మోనో రికార్డింగు ఒకటి తప్పనిసరి. మోనోలో గొంతు నుదుటి మధ్యలో నిలబడాలి. పక్కకు జరిగితే హెడ్‌ఫోన్‌ను ఎడమ కుడిగా తిప్పి పెట్టుకోండి. గొంతు కూడా అవతలి పక్కకు మారితే డ్రైవర్లలో (లోపలి చిన్న స్పీకర్లలో) తేడా ఉంది, మార్పించుకోండి. ఎప్పటి పక్కనే ఉండిపోతే తేడా మీ చెవిలోనో జుట్టు వల్ల చెడిన సీల్‌లోనో ఉంది.

మృదంగంలో రవ్వ ముద్ద పెట్టిన ఎడమ వైపు దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి. ఉబ్బిన బేస్‌లో అది గుమ్మని సాగి, కుడి వైపు దెబ్బలను మింగేస్తుంది. తంబూర ఒక్కటే వినిపించే చోట తీగ మీటిన తర్వాత పైన తేలే రీంకారాన్ని గమనించండి. ట్రెబుల్ (పైస్థాయి ధ్వని) మందకొడిగా ఉంటే ఆ రీంకారం పోయి శ్రుతి చదునైపోతుంది. నాదస్వరం 2–4 కిలోహెర్ట్జ్ దగ్గర అతి ఉంటే వెంటనే బయటపెడుతుంది, రెండు నిమిషాలకే వాల్యూమ్ తగ్గించాలనిపిస్తుంది. సకార శకారాల బుస 5–8 కిలోహెర్ట్జ్ వ్యవహారం.

రాయలసీమబాస్:
బ్రో, 100 గంటలు బర్న్-ఇన్ (కొత్తదాన్ని ఊరికే ఆడించడం) చేశాకే వినాలంటారు కదా? మొదటి రోజు జడ్జ్ చేయడం తప్పు కాదా?

తీగలబాబు:
కాదు. మొదటి వారాల్లో మారేవి రెండు: ప్యాడ్ నొక్కుకుని డ్రైవర్ చెవికి దగ్గరవడం, మీ చెవి ఆ ధ్వనికి అలవాటుపడటం. "100 గంటలు ఆడించండి, బాగవుతుంది" అని అమ్మకందారు అంటే రిటర్న్ గడువు దాటిద్దామని అనుకోండి. కొనేముందు మరో సంగతి చూసుకోండి, ఆన్‌లైన్‌లో చాలా హెడ్‌ఫోన్స్‌కు డబ్బు వాపసు లేదు, పాడైతే మార్చి ఇవ్వడం మాత్రమే. "నచ్చలేదు" అన్నది అక్కడ చెల్లదు.

కళ్లజోడు:
వైర్‌లెస్‌లో ఎల్‌డాక్ (బ్లూటూత్ మీద ఎక్కువ క్వాలిటీతో పాట పంపే పద్ధతి) లేకపోతే 40 వేలు దండగ అంటున్నారు. నిజమా? నాది ఐఫోన్.

వైఫైరాగం:
ఐఫోన్‌లో ఎల్‌డాక్ లేనే లేదు, బ్లూటూత్ మీద ఏఏసీ అనే పద్ధతే. దానికోసం డబ్బు పెట్టకండి. ఆండ్రాయిడ్ వాళ్లు కూడా రద్దీలో ఎల్‌డాక్ 990 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) మీద తెగిపోతుంటే 660కి దించితే నిలకడగా ఉంటుంది. 660, 990 మధ్య తేడా వెతికే ముందు ప్యాడ్ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి, దాని ముందు ఈ తేడా ఏపాటిది.

మీకు కావాల్సిన సంగతి వేరే ఉంది. ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ మైకు ఎంచుకోగానే బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీ ప్రొఫైల్‌కు (కాల్స్ కోసం ఉన్న తక్కువ క్వాలిటీ మోడ్‌కు) దిగిపోతుంది, అటువైపు గొంతు కూడా టెలిఫోన్‌లోలాగే వస్తుంది. మీటింగ్ యాప్‌లో మైకు ల్యాప్‌టాప్‌దీ, స్పీకర్ హెడ్‌ఫోన్‌దీ పెట్టండి. హెడ్‌ఫోన్‌లో లోపమని మార్పించుకునే వాళ్లలో కొందరికి ఈ సెట్టింగే జవాబు.

నాయిస్ క్యాన్సిలింగ్‌ను సీలింగ్ ఫ్యాన్ 5 మీద, ఏసీ కింద చూడండి. హోరు తగ్గుతుంది, పక్కింటి మాటలు అంతగా తగ్గవు, ఏ కంపెనీదైనా అంతే. పాట లేకుండా పది నిమిషాలు ఆన్‌లో ఉంచండి. చెవి దిబ్బడ పడినట్టు, తల బరువెక్కినట్టు ఉంటే అది కొందరికి ఎప్పటికీ అలవాటు కాదు.

హెచ్‌డీ600_భక్తుడు:
పాటలకు విడిగా ఒక ఓపెన్‌బ్యాక్ (కప్పు వెనుక తెరిచి ఉన్నది) తీసుకుంటే కళ్లజోడు ఇబ్బంది కొంత తగ్గుతుంది, చెమట కూడా తక్కువ. కాకపోతే ఫ్యాన్ హోరు మొత్తం లోపలికి వస్తుంది, మీ పాట పక్క మంచం వరకూ పోతుంది. వేసవిలో ఫ్యాన్ ఆపి వినగలరా అన్నది మీరే తేల్చుకోవాలి.

దేనికి తగిలించి విన్నారన్నదీ లెక్కే. హెచ్‌డీ 600 ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు) 300 ఓమ్‌లు, కంపెనీ లెక్కలో 1 వోల్టుకు 97 డీబీ ఇస్తుంది. మామూలు డాంగిల్‌తో (ఫోన్‌కు వైరు హెడ్‌ఫోన్ తగిలించే అడాప్టర్‌తో) సినిమా పాటలకు చాలు, మెల్లగా రికార్డు చేసిన కచేరీలకు చివరి గీత దాకా పోవాలి. ఎడిషన్ ఎక్స్‌ఎస్ 18 ఓమ్‌లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 1 మిల్లీవాట్‌కు 92 డీబీ, అంటే 110 డీబీ శిఖరాలకు 63 మిల్లీవాట్లు, దాదాపు 60 మిల్లీయాంప్స్ కావాలి. నాసిరకం డాంగిల్ అక్కడ వాల్యూమ్ ఇస్తుంది గానీ మృదంగం దెబ్బ దగ్గర చితికిపోతుంది. ఆపిల్ డాంగిల్‌ను ఆండ్రాయిడ్‌కు పెడితే మామూలు యాప్‌లలో వాల్యూమ్ సగమే వస్తుంది, అది హెడ్‌ఫోన్ తప్పు కాదు.

ఇంకొకటి. హెచ్‌డీ 600 ఇంపీడెన్స్ 100 హెర్ట్జ్ దగ్గర 500 ఓమ్‌లు దాటుతుంది. హెడ్‌ఫోన్ ఔట్‌పుట్‌లోనే 120 ఓమ్ అడ్డు ఉన్న పాత రిసీవరుకు (యాంప్‌కు) పెడితే అక్కడ బేస్ సుమారు 1 డీబీ లేస్తుంది. "ట్యూబ్ యాంప్‌తో వెచ్చగా ఉంది" అనడం వెనుక ఒక్కోసారి ఉన్నది ఇంతే!

గోదారిగట్టు:
కోస్తా వాళ్లు ప్యాడ్ సంగతి ఇంకోసారి ఆలోచించాలి. లెదరెట్ అంటే పాలియురిథేన్ పూత. తేమ, చెమట తగిలితే రసాయనికంగా విడిపోయి పొరలు పొరలుగా రాలుతుంది, వాడకుండా డబ్బాలో పెట్టినా ఆగదు. వాడిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, ఆరాకే పెట్టెలో పెట్టండి. కొనేముందు ఆ మోడల్‌కు అసలు ప్యాడ్లు మన దేశంలో దొరుకుతాయా, ఎంత, ఎలా ఊడతాయి అని చూడండి. చవక ప్యాడ్లు వేస్తే మందం, రంధ్రం, గుడ్డ అన్నీ మారి సౌండు వేరే హెడ్‌ఫోన్‌లా అవుతుంది. వెల్వెట్‌లాంటి ప్యాడ్లు చల్లగా ఉంటాయి గానీ క్లోజ్డ్ వాటిలో బేస్ కొంత వదులుతాయి.

పట్టు బిగుతుగా ఉంటే పుస్తకాల దొంతరకు రాత్రంతా తొడిగి ఉంచుతారు. దొంతర మీ తలకంటే ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే వెడల్పుండాలి. లోహపు పట్టీ ఉన్నవాటికే ఈ వైద్యం, ప్లాస్టిక్ కీళ్లున్నవి పుటుక్కుమంటాయి. అతిగా సాగదీస్తే మంద్రస్థాయి గారు చెప్పిన లీకు మళ్లీ మొదలు.

గ్రాఫుపిచ్చి:
కొలతల గ్రాఫులు చూసేవాళ్లకు: గ్రాస్ కప్లర్ (చెవిలాంటి కొలత పరికరం) మీద తీసిన గీతను బీఅండ్‌కే 5128 (వేరే కంపెనీ పరికరం) మీద తీసిన గీతతో పోల్చకండి. ఆడియో పరిశోధకుడు షాన్ ఆలివ్ బృందం హర్మన్ కంపెనీలో శ్రోతల పరీక్షల నుంచి తీసిన టార్గెట్ (సౌండు ఇలా ఉండాలని గీసిన గీత) కూడా సగటు ఇష్టమే, మీ చెవి కొలత కాదు. ఈక్వలైజర్ పెడితే 20 హెర్ట్జ్ నుంచి 6–7 కిలోహెర్ట్జ్ దాకా నమ్మకంగా సర్దండి, ఆ పైన ప్యాడ్ 5 మిల్లీమీటర్లు జరిగినా గీత మారిపోతుంది. బేస్ 6 డీబీ పెంచితే ప్రీయాంప్ (ఈక్వలైజర్‌లో మొత్తం లెవెల్) −6 పెట్టాలి, లేకపోతే క్లిప్పింగ్ (శబ్దం శిఖరాలు తెగి చితికిపోవడం).

కళ్లజోడు:
అందరికీ థాంక్స్. ఒకటి ఇంటికి వచ్చింది. మోనో పాటలో గొంతు మధ్యలోనే ఉంది, సీల్ బాగుంది. 20 నుంచి 200 హెర్ట్జ్ స్వీప్ (కింది నుంచి పైకి జారే స్వరం) పెడితే 40 దగ్గర ఎడమవైపు మాత్రం జిర్రుమంటోంది. పాటల్లో తెలియట్లేదు.

మంద్రస్థాయి:
ముందు వెంట్రుక అనుమానించండి. లోపలి గుడ్డ గుండా దూరి డయాఫ్రమ్‌కు (స్పీకర్‌లో కంపించే పొరకు) తగిలితే అచ్చంగా అలాగే జిర్రుమంటుంది. ప్యాడ్ ఊడదీసి, టార్చి వేసి, కనపడితే పట్టకారుతో లాగండి. వాక్యూమ్ గానీ నోటితో ఊదడం గానీ వద్దు. వాల్యూమ్ తగ్గించి మళ్లీ స్వీప్ పెట్టండి. మామూలు వాల్యూమ్‌లోనూ అదే ఫ్రీక్వెన్సీ దగ్గర జిర్రు వస్తుంటే ఆ శబ్దం ఫోన్‌లో రికార్డు చేసి, గడువు లోపలే మార్పు అడగండి. స్క్రూలు మాత్రం విప్పొద్దు, వారంటీ పోతుంది.