బై అండ్ లార్జ్, లీవే: ఓడల మాటలను ఆఫీసులో ఎలా వాడాలి?

ప్రశ్న: పని ‘బై అండ్ లార్జ్’ బాగుందని, గడువులో మాత్రం ‘లీవే’ లేదని మా పైఅధికారి మెయిల్ పంపారు. అర్థమైంది గానీ, సొంతంగా రాయడానికి ధైర్యం చాలడం లేదు. ఇవి ఓడల నుంచి వచ్చిన మాటలట. ఆ సంగతి తెలిస్తే వాడకం సులువవుతుందా?

జవాబు: తప్పకుండా అవుతుందండి. రెండూ తెరచాపల కాలం నాటివే. ఎదురుగాలి వచ్చే దిశకు వీలైనంత దగ్గరగా ఓడను నడపడం ‘బై’. వెనుక నుంచి గాలి తోస్తుంటే సాగిపోవడం ‘లార్జ్’. రెంటిలోనూ చక్కగా నడిచే ఓడ మంచి ఓడ. అలా ‘మొత్తం మీద’ అనే అర్థం స్థిరపడింది. చిన్న లోపాలున్నాయన్న సూచన అందులోనే ఉంటుంది కాబట్టి, ఏ వంకా లేని పనిని మెచ్చుకోవడానికి దీన్ని వాడకండి.

గాలి పక్క నుంచి కొడితే ఓడ ముందుకు పోతూనే రెండో పక్కకు జరిగిపోతుంది. ఆ జరగడమే లీవే. అటువైపు రాళ్లో తీరమో ఉంటే ప్రమాదం. అందుకని సరంగు ముందే తగినంత చోటు వదిలి నడపాలి. నేడు మనం అడిగే వెసులుబాటు అదే. గడువు, ఖర్చు, నిబంధనలు, దేనికైనా నిస్సంకోచంగా వాడండి. ముందు ‘ఎ’ పెట్టకూడదు. ‘సమ్’, ‘నో’ వంటివి వస్తాయి.

ప్రశ్న: ‘టేకెన్ అబాక్’ అని ఖాతాదారుకు రాయవచ్చా?

జవాబు: ఆలోచించి రాయండి. గాలి హఠాత్తుగా తెరచాపల ముందువైపు కొట్టి, వాటిని స్తంభానికి అదిమేస్తే ఓడ నిలిచిపోతుంది. మనిషి అలా అవాక్కవడం గురించి చెప్పే మాట ఇది. మీ మెయిల్ చూసి అలా అయ్యానంటే ఎదుటివారికి ఫిర్యాదులా వినిపిస్తుంది. ‘త్రీ షీట్స్ టు ద విండ్’ అయితే ఆఫీసు దరిదాపులకే రానివ్వకండి, బాగా తాగి తూలుతున్నారని అర్థం. అక్కడ షీట్ అంటే తెరచాపను అదుపు చేసే తాడు.

మరో సభ్యురాలు: ‘పాష్’ కూడా ఇలాంటిదే కదండీ? ఇంగ్లండ్ నుంచి ఇండియాకు వచ్చేటప్పుడు ఎడమవైపు, తిరిగి వెళ్లేటప్పుడు కుడివైపు, ఎండ తగలని గదులు ధనికులకు ఇచ్చేవారని, టికెట్ మీద ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ (వెళ్లేటప్పుడు ఎడమ, ఇంటికొచ్చేటప్పుడు కుడి) అనే మాటల మొదటి అక్షరాలు P, O, S, H వేసేవారని విన్నాను.

జవాబు: కథ అందంగా ఉంది గానీ ఆధారం లేదండి. అలాంటి ముద్ర ఉన్న టికెట్ ఒక్కటీ బయటపడలేదు. ‘అండర్ ద వెదర్’నూ ఓడలకే ముడిపెడతారు. పుట్టుక సంగతి అటుంచి, ఒంట్లో నలతగా ఉందని సెలవు అడిగే మెయిల్‌లో దాన్ని హాయిగా రాసుకోవచ్చు. ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బయితే మాత్రం నేరుగా జబ్బు అనే రాయండి.