ఆ బోర్డు మీది 'యీ' సంగతి

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఒక పాత పబ్ బోర్డు మీద 'యీ ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం' అని చూశాను. ఈ 'యీ' ఏమిటండీ? 'మీరు' అనేనా?

జవాబు: కాదండీ. 'మీరు' అనే 'యీ' వేరే మాట. ఇది మామూలు 'ద' (the). పాత ఇంగ్లిషులో ఆ ధ్వనికి థోర్న్ అనే అక్షరం ఉండేది. చేతిరాతలో అది పోనుపోను 'వై'లా తయారైంది. 1476లో ఇంగ్లండ్ తొలి ముద్రాపకుడు కాక్స్‌టన్ లండన్ దగ్గరి వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చు మొదలుపెట్టే నాటికి, ఐరోపా నుంచి వచ్చిన అచ్చక్షరాల్లో థోర్న్ లేదు. దగ్గర పోలిక ఉందని 'వై' వేశారు. రాసింది 'వై', పలికింది 'ద'. తర్వాతి తరాలు థోర్న్‌ని మరిచిపోయి, కనిపించినట్టే 'యీ' అని చదివాయి.

మన ఴ గుర్తొస్తోంది నాకు. తొలి శాసనాల్లో ఉన్న ఆ అక్షరం పోయి, చాలాచోట్ల 'డ' వచ్చింది. చోఴ చోడ అయింది. కాకపోతే మనకు అక్షరంతో పాటు ధ్వనీ పోయింది. వాళ్లకు ధ్వని ఉండిపోయి అక్షరం ఒక్కటే పోయింది. ఆ తేడా నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

ప్రశ్న: గోడ మీద 1189 అని ఉంది. మరి పేరు కూడా అప్పటిదేనా?

జవాబు: 1189 ఇంగ్లండ్‌కు మొదటి రిచర్డ్ రాజైన ఏడు. క్రూసేడ్‌కు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధానికి, వెళ్లేవాళ్లు ఇక్కడ ఆగారని ఊళ్లో చెప్పుకుంటారు. కానీ ఇప్పుడున్న కట్టడంలో బాగా పాత భాగాలు కూడా 17వ శతాబ్దానివే. 1751లో దాని పేరు 'పిల్‌గ్రిమ్', అంటే యాత్రికుడు. 'ట్రిప్ టు జెరూసలేం' అన్న పేరు 1799లోనే మొదటిసారి కనిపిస్తుంది. పాత స్పెల్లింగ్ చూసి వయసు లెక్కగట్టకండి, దయచేసి.

అలాగని ఆ చోటు తక్కువదేం కాదు. కోటగుట్ట ఇసుకరాయిలోకి తొలిచిన గుహల్లోనే గదులున్నాయి. తాడుకు కట్టిన రింగును ఊపి, గోడ మీది ఎద్దు కొమ్ముకు తగిలించే ఆట ఒకటుంది. దుమ్ము పట్టిన ఓడ బొమ్మ కూడా ఉంది. దాన్ని తుడిచినవాళ్లు చనిపోయారన్న నమ్మకంతో ఎవరూ ముట్టుకోరు.

ప్రశ్న: 'పబ్'కి 'పూటకూళ్ల ఇల్లు' అనొచ్చా?

జవాబు: నేను అననండీ. పూటకూళ్ల ఇల్లంటే డబ్బిచ్చి భోంచేసే చోటు. పబ్ అంటే పబ్లిక్ హౌస్, ఊళ్లో అందరికీ తలుపు తీసి ఉంచి బీరు పోసే ఇల్లు. 'పబ్' అనే ఉంచుదాం.