ట్యూబ్ ఎక్స్‌పాండర్‌తో ఎంతవరకు రోల్ చేయాలి?

ప్రశ్న: ట్యూబుల చివరలను ఎక్స్‌పాండర్‌తో, అంటే లోపలి నుంచి రోలర్లతో వెడల్పు చేసే పనిముట్టుతో, ట్యూబ్‌షీట్‌లో (ట్యూబులు బిగించే రంధ్రాల పలకలో) రోల్ చేసి బిగించాం. కార్బన్ స్టీల్ ట్యూబుల బయటి వ్యాసం 19.05 మి.మీ., గోడ మందం 2.11. ట్యూబ్‌షీట్ రంధ్రం 19.30. హైడ్రో టెస్టులో (నీటి ఒత్తిడి పరీక్షలో) కొన్ని జాయింట్లు కారుతున్నాయి. ఇంకా రోల్ చేయవచ్చా?

జవాబు 1: ముందు లెక్క చూడండి. లోపలి వ్యాసం 14.83, ఖాళీ 0.25, అంటే 15.08 దగ్గర ట్యూబు రంధ్రానికి తాకుతుంది. గోడ 7 శాతం పలచబడాలంటే ఇంకో 0.30. లక్ష్యం 15.38. అయితే గోడ మందం ట్యూబుట్యూబుకీ కాస్త మారుతుంది, కొలవకుండా మొదలుపెట్టొద్దు.

జవాబు 2: రోలర్లు షీటు వెనక అంచుకు 3 మి.మీ. ఇవతలే ఆగాలి. దాటితే ట్యూబు అక్కడ ఉబ్బి, తర్వాత పగులుతుంది.

జవాబు 3: కారే జాయింట్లు ఇప్పటికే 15.38 దాటి ఉంటే రోలింగ్ ఆపండి. రంధ్రంలో నిలువు గీతో, మురికో ఉండొచ్చు. ట్యూబు తీసి చూడాల్సిందే. అతిగా రోల్ చేస్తే పక్క జాయింట్లూ వదులవుతాయి.

ప్రశ్న అడిగినవారు: మోటారుకు టార్క్ కంట్రోల్ (తిప్పే బలం నిర్ణయించిన స్థాయికి చేరగానే ఆపేసే ఏర్పాటు) ఉంది, సరిపోతుందా?

జవాబు 1: సరిపోతుంది, లూబ్రికెంట్ ప్రతిసారీ వేస్తేనే. ఎండిన రోలర్లకు టార్క్ ముందే అందిపోయి, జాయింటు వదులుగా మిగులుతుంది.