క్యాన్ గొప్పా, నోయ్! గొప్పా? 70ల జర్మన్ రాక్‌లో మీ ఓటు ఎవరికి?

వైనల్ వాసు:
ఈ ప్రశ్న ఎప్పుడు లేచినా నాలుగో కామెంటుకల్లా బ్రిటిష్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ మీదికి పోతుంది. ఈసారి అలా పోనివ్వద్దని ముందే మనవి. జర్మనీ దాటొద్దు.

నా ఓటు క్యాన్‌కే. 1968లో కొలోన్‌లో మొదలైన ఈ బ్యాండ్‌లో ఎవరెవరున్నారో చూడండి. ఇర్మిన్ ష్మిట్, హోల్గర్ చుకై ఇద్దరూ స్టాక్‌హౌజన్ అనే ఆధునిక సంగీతకర్త దగ్గర చదువుకున్నవాళ్లు. అప్పటికే ముప్పయ్యో పడిలో పడ్డారు. డ్రమ్మర్ యాకి లీబెట్సైట్ ఫ్రీ జాజ్ నుంచి వచ్చాడు. గిటారిస్టు మిఖాయెల్ కరోలీ చుకై శిష్యుడే, గురువుకన్నా పదేళ్లు చిన్న. ఇక 1970లో మ్యూనిక్‌లో చుకై, లీబెట్సైట్ ఓ కేఫ్ బయట కూర్చుని ఉంటే, రోడ్డు మీద ఒక జపాన్ కుర్రాడు గొంతు చించుకుని పాడుతూ కనిపించాడు. అతనే డామో సుజుకి. ఆ రాత్రికే స్టేజీ ఎక్కించారు. రిహార్సల్ లేదు, ఏమీ లేదు.

ఆ మరుసటి ఏడాదే 'టాగో మాగో'. అందులో 'హాలెలువా' పద్దెనిమిది నిమిషాల పైన సాగుతుంది, ఎల్పీలో ఒక వైపు మొత్తం అదే. డ్రమ్స్ దాదాపు కదలవు, మిగతావాళ్లంతా దాని చుట్టూ వచ్చిపోతూ ఉంటారు. అయినా ఎక్కడా బోర్ కొట్టదు. దీనికి సాటి వచ్చేది ఒక్కటి చూపించండి.

డప్పు శీను:
వాసన్నా, 'హాలెలువా' దాకా ఒప్పుకుంటా. రికార్డు తిప్పండి మరి. మూడో వైపంతా 'ఔమ్గ్న్', ఆ తర్వాత 'పెకింగ్ ఓ'. ఈ రెండూ కలిపి అరగంట దాకా. మీరు చివరిసారి వాటిని మొదట్నుంచి చివరిదాకా ఎప్పుడు విన్నారో నిజం చెప్పండి. డబుల్ ఆల్బమ్‌లో సగం దాటేసే రికార్డుని ఆల్‌టైమ్ గ్రేట్ అంటే ఎలా?

డ్యుసెల్‌డార్ఫ్ బ్యాండ్ నోయ్! చూడండి (ఆశ్చర్యార్థకం పేరులోదే), ఇద్దరే ఇద్దరు. క్లౌస్ డింగర్ డ్రమ్స్, మిఖాయెల్ రోటర్ గిటార్. క్రాఫ్ట్‌వెర్క్ అనే ఇంకో జర్మన్ బ్యాండ్‌లో కొన్నాళ్లు వాయించి 1971లో బయటికొచ్చారు. ఆ డిసెంబర్‌లో హాంబర్గ్‌లో రికార్డింగ్ ఇంజనీర్ కోనీ ప్లాంక్‌ని తోడు పెట్టుకుని నాలుగంటే నాలుగు రోజుల్లో మొదటి ఆల్బమ్ ముగించారు. అందులో మొదటి పాట 'హలోగాలో' పది నిమిషాలు. పాడేవాడు లేడు. కోరస్ లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి: ఒక గిటార్ ముందుకు పోతుంటే, ఇంకోటి వెనక్కి తిప్పిన టేపులోంచి ఊదినట్టు వస్తుంది. ఆ రెండింటి కింద డ్రమ్స్ ఒక్క క్షణం కూడా తొణకవు. ఎక్కడా పాట 'ఇప్పుడు చూడు, పెద్ద సీన్ వస్తోంది' అని చెప్పదు. ఆ నిగ్రహం క్యాన్‌కి లేదు.

చార్మినార్ బాస్:
క్రాఫ్ట్‌వెర్క్ పేరు లేకుండా ఈ చర్చేంటి బ్రో? అందరికంటే ఎక్కువ మందికి చేరింది వాళ్లే కదా.

వైనల్ వాసు:
చేరింది నిజమే. కానీ 'ఆటోబాన్' (1974) తర్వాత వాళ్ల దారి రాక్ కాదు, ఎలక్ట్రానిక్. మొదటి మూడు ఆల్బమ్‌లని వాళ్లే పక్కన పెట్టేశారు, ఇన్నేళ్లయినా అధికారికంగా మళ్లీ విడుదల చెయ్యలేదు. వాళ్లే వద్దనుకున్నదాన్ని మనమెందుకు మోయాలి? వేరే పోస్టు పెట్టండి, అక్కడ నేనూ వస్తా.

కొలోన్ కోడలు:
పెళ్లయ్యాక ఈ ఊరు వచ్చాను కాబట్టి లోకల్ పక్షపాతం ఉందనుకున్నా పర్లేదు. నాదీ క్యాన్ ఓటే, కానీ 'టాగో మాగో'కి కాదు. 'ఏగె బామ్యసి'కి (1972). అట్ట మీద బెండకాయల డబ్బా ఉంటుందే, అది.

కొలోన్ పక్కన వైలెర్స్‌విస్ట్ అనే చిన్న ఊళ్లో మూతబడిన సినిమా హాలొకటి వీళ్ల స్టూడియో. గోడలకి మిలిటరీ పరుపులు వేలాడదీశారు, శబ్దం తిరిగి కొట్టకుండా. 'విటమిన్ సి' వింటే ఆ పరుపులు వినపడతాయి. డ్రమ్స్ చెవి పక్కనే మోగుతాయి, గదిలో ప్రతిధ్వని అన్నదే లేదు. ఆ స్టూడియోని తర్వాత అలాగే ఊడదీసి గ్రోనావ్‌లో ఉన్న రాక్ మ్యూజియానికి తరలించారు.

అంతకుముందు చేసిన 'స్పూన్' ఒక టీవీ థ్రిల్లర్‌కి టైటిల్ పాట. జర్మన్ చార్ట్‌లో ఆరో స్థానం దాకా వెళ్లింది. అంటే ఇంట్లో సోఫా మీద కూర్చుని సీరియల్ చూసేవాళ్లు కూడా క్యాన్‌ని కొన్నారు! ఆల్బమ్ చేస్తున్న రోజుల్లోనేమో ష్మిట్, డామో పని మానేసి చెస్ ఆడుతూ కూర్చునేవాళ్లట. టైమ్ అయిపోయి, చోటు నింపడానికి 'స్పూన్'ని తెచ్చి చివర్లో పెట్టారు. అయినా నలభై నిమిషాల్లో తీసెయ్యాల్సిన పాట ఒకటి చెప్పండి చూద్దాం. 'సూప్' మధ్యలో కాస్త అల్లరి ఉంది, అంతే.

రాగిసంకటి:
చోటు నింపడం అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. శీను తమ్ముడూ, 'నోయ్! 2' సంగతేంటి?

తెలియనివాళ్ల కోసం: 1973లో రెండో ఆల్బమ్ సగం అయ్యేసరికి డబ్బులైపోయాయి. చేతిలో చిల్లిగవ్వ లేదు. రెండో వైపు ఖాళీ. అప్పటికే విడుదలైన తమ సింగిల్ తీసుకుని, టర్న్‌టేబుల్ మీద ఒకసారి నిమిషానికి 16 చుట్ల స్పీడ్‌లో, ఒకసారి 78లో తిప్పి, క్యాసెట్ ప్లేయర్‌లో పాడుచేసి రికార్డు చేశారు. దానికే 'సూపర్ 16', 'సూపర్ 78', 'నోయ్‌ష్నే 78' అని పేర్లు. దీన్ని పూర్తి రేటుకి అమ్మారు. నేను కొన్నదాన్ని నాకే రెండోసారి అమ్మడం అది. పేరున్న బ్యాండ్ చేసింది కాబట్టి ప్రయోగం అంటున్నారు, పేరు లేనివాడు చేస్తే మోసం అనేవాళ్లు.

డప్పు శీను:
అక్కా, అప్పట్లో కొన్నవాళ్లకి కోపం రావడం న్యాయమే. ఆ ఇబ్బంది లేకపోతే ఈ పని జరిగేది కాదన్నదీ నిజమే. విడుదలైన రికార్డునే ముడిసరుకుగా తీసుకుని, దాని వేగం మార్చి ఇంకో పాట చెయ్యడం 1973లో రాక్ బ్యాండ్ ఆల్బమ్‌లో ఎంతమంది చేశారు? ఈ రోజు 'స్లోడ్ అండ్ రివర్బ్' పేరుతో యూట్యూబ్‌లో మన సినిమా పాటలకి కూడా చేస్తున్నది అదేగా. పైగా మొదటి వైపు 'ఫ్యూర్ ఇమ్మర్' పదకొండు నిమిషాలు ఉంది. డబ్బులు దానికే వసూలు.

'సూపర్ 16' ఒక్కటి వినండి, రాత్రి పూట. బండరాయి ఈడ్చినట్టు ఉంటుంది. నాకు అసలు పాటకన్నా అదే ఇష్టం.

రాగిసంకటి:
'సూపర్ 16' ఇస్తా. అదే వైపున్న 'క్యాసెటో' ఇవ్వను. క్యాసెట్ రీలు చిక్కుకుంటే మా ఇంట్లో కూడా అలాగే మోగేది.

నిశాచరుడు:
మీరంతా లయ దగ్గరే ఆగిపోయారు. నిజంగా ప్రయోగం చేసింది ఫౌస్ట్ బ్యాండ్. పాలిడోర్ కంపెనీ డబ్బు పెట్టి వ్యుమె అనే పల్లెలో పాత బడిని స్టూడియోగా మార్చి ఇస్తే, 1971లో వాళ్లు ఇచ్చిన ఆల్బమ్ మొదలవడమే రోలింగ్ స్టోన్స్, బీటిల్స్ పాటల ముక్కలు రొదలో కరిగిపోవడంతో. పారదర్శకమైన రికార్డు, అట్ట మీద పిడికిలి ఎక్స్‌రే. 1973లో వర్జిన్ రికార్డు కంపెనీ వాళ్లు 'ఫౌస్ట్ టేప్స్'ని ఒక సింగిల్ ధరకి, 49 పెన్నీలకి అమ్మారు. చవకగా ఉందని కొన్న బ్రిటిష్ పిల్లలు ఇంటికెళ్లి పెట్టుకుంటే తలా తోకా లేని ముక్కలు. కొందరు ఇచ్చేసి ఉంటారు, కొందరికి జీవితం మారి ఉంటుంది. క్యాన్, నోయ్! రెండింటినీ ఇష్టపడటం సులువు. ఫౌస్ట్‌కి చెవి కావాలి.

వైనల్ వాసు:
'నాకు చెవి ఉంది, మీకు లేదు' అనే వాదన ఇక్కడ నిషేధం నిశాచరా :)

మృదంగం మూర్తి:
నేను రాక్ మనిషిని కాదు, మావాడు పంపితే చదివాను. తాళం గురించి మాట్లాడుకుంటున్నారు కాబట్టి రెండు మాటలు.

లీబెట్సైట్, డింగర్ ఇద్దరూ 'ఒకటే వాయిస్తారు' అని కలిపేస్తున్నారు, అది పొరపాటు. డింగర్ నడకలో ఆవర్తం (తాళం ఒక చుట్టు) అనేది పెద్దగా తెలియదు, ప్రతి కొలతా ముందుదాని లాంటిదే. తిరిగి చేరాల్సిన సమం, అంటే చుట్టు మొదటి దెబ్బ, లేదు కాబట్టి వినేవాడికి ప్రయాణంలా అనిపిస్తుంది. దాన్ని ఆయన అంతులేని తిన్నని గీత అనేవాడని చదివాను, సరిగ్గా సరిపోయింది. పత్రికలవాళ్లు తగిలించిన 'మోటోరిక్' అన్న పేరు ఆయనకి నచ్చలేదంటే ఆశ్చర్యం లేదు, ఎందుకంటే అది యంత్రం కాదు. ఉత్సాహం పెరిగినచోట చెయ్యి బరువు మారుతుంది.

లీబెట్సైట్ అలా కాదు. ఆయనది ఆవర్తమే. 'హాలెలువా'లో గట్టి దెబ్బల మధ్య స్నేర్ డ్రమ్ మీద చాలా మెత్తటి దెబ్బలు వినండి, మేము మృదంగంలో వేళ్లతో నింపే ఖాళీలు గుర్తొస్తాయి. అవి తీసేస్తే పద్దెనిమిది నిమిషాలు ఎవడూ కూర్చోడు. ఫ్రీ జాజ్‌లో లెక్క లేకుండా వాయించి, ఆ స్వేచ్ఛ విసుగొచ్చి ఒకే నడకకి వచ్చినవాడు ఆయన. వేరేది రాక అదే వాయించేవాడికీ, తెలిసి తగ్గించుకున్నవాడికీ తేడా ఉంటుంది. నా ఓటు ఆయనకే.

ఇంకోటి. జర్మన్ రాక్ అనుకుంటూ మ్యూనిక్ బృందం ఎంబ్రియోని మీరెవరూ తలవలేదు. 70ల చివర్లో బస్సులో రోడ్డు మీదుగా ఇండియా వచ్చారు. బెంగళూరులోని కర్ణాటక కాలేజ్ ఆఫ్ పర్కషన్ వాళ్లతో కలిసి రికార్డు చేశారు. వాళ్లతో వాయించిన శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ మరియానో నాదస్వరం నేర్చుకున్న అమెరికన్. మన దక్షిణాది లెక్కల్లో కూర్చుని వాయించిన బృందాన్ని వదిలేసి కొలోన్, డ్యుసెల్‌డార్ఫ్ అంటూ కొట్టుకుంటున్నారు.

డప్పు శీను:
మూర్తి గారూ, నమస్కారమండీ. ఎంబ్రియో ఈ రాత్రికే వింటాను. కానీ డింగర్‌కి సమం లేదన్నది లోపంగా కాదు, గుణంగా చెప్పారనుకుంటున్నా :)

మృదంగం మూర్తి:
గుణమే నాయనా. కచేరీలో మాత్రం ఒప్పుకోను.

రాగిసంకటి:
ఒక ప్రశ్న. క్యాన్ వాళ్లు అంత గొప్పగా ఒకరినొకరు విని వాయిస్తే, చుకై ఆ టేపులని బ్లేడుతో కోసి ఎందుకు అతికించాల్సి వచ్చింది? గంటల కొద్దీ వాయించడం, ఆయన అందులోంచి మంచి నిమిషాలు ఏరడం. అలాంటప్పుడు గొప్పదనం బ్యాండ్‌దా, కత్తెరదా?

వైనల్ వాసు:
కత్తెర పట్టినవాడు కూడా బ్యాండ్‌లో బాస్ వాయించినవాడే కదండీ, బయటినుంచి వచ్చిన ఎడిటర్ కాదు. పైగా రెండు ట్రాకుల టేపు. అంటే తర్వాత ఒకరి తప్పు ఒక్కటీ తీసెయ్యడానికి లేదు, కోస్తే అందరూ కలిసే పోతారు. అందుకే అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయించారు. 1975లో 'ల్యాండెడ్' దగ్గరికొచ్చేసరికి 16 ట్రాకుల మిషన్ వచ్చింది. ఎవరి భాగం వాళ్లు విడిగా దిద్దుకోవచ్చు. అక్కడినుంచి ఆ బిగువు పోయింది. డామో 1973లో వెళ్లిపోవడం వల్ల పడిపోయారని అందరూ అంటారు గానీ, ఆయన లేకుండా 1974లో చేసిన 'సూన్ ఓవర్ బాబలూమా' బాగానే ఉంది. దెబ్బ కొట్టింది మిషనే.

డప్పు శీను:
మీ లెక్కనే డబ్బుల్లేక సింగిల్‌ని తిప్పి తిప్పి చేసిన 'నోయ్! 2'కి కూడా మీరు ఓటెయ్యాలి అన్నా.

వైనల్ వాసు:
మొదటి వైపుకి వేస్తా.

కొలోన్ కోడలు:
16 ట్రాకుల తర్వాత అంతా పోయిందంటే ఒప్పుకోను. 1976లో 'ఐ వాంట్ మోర్' బ్రిటన్ చార్ట్‌లోకి ఎక్కింది. అచ్చం డిస్కో. నాకు చాలా ఇష్టం. రండి, ఇప్పుడు నన్ను తిట్టండి.